తరగతిలో తొమ్మిది మందికి ఒకటే ఇంటిపేరు!

నల్లబల్ల (సోమవారం, రాత్రి 9.40)

హ్యూస్టన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈసారి నా హాజరు పట్టీలో ముప్పై ఒక్క పేర్లుంటే, అందులో తొమ్మిది మంది ఇంటిపేరు ఒకటే. ఇంగ్లిషులో ఎన్, జి, యు, వై, ఇ, ఎన్ అని రాస్తారు. అందరూ వియత్నాం కుటుంబాల పిల్లలు. మొదటి రోజు అమాయకంగా "మీరంతా అన్నదమ్ముల బిడ్డలా?" అని అడిగాను. తరగతి తరగతంతా నవ్వింది. ఒకరికొకరు ఏమీ కారట. ఆ పేరును నాలుగు రకాలుగా పలికి చూశాను, నాలుగూ తప్పేనట.

ఇంతమందికి ఒకే ఇంటిపేరు ఎలా వచ్చింది? దాన్ని పలకడం ఎలా? తెలిసినవారు చెప్పండి.

ఇంకొకటి కూడా ఉంది. చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ఆ తొమ్మిది మందిలో ఒక పిల్ల లేచి "మీ ఇంటిపేరుకు అర్థమేమిటి టీచర్?" అని అడిగింది. మాది వేమూరి. నోరు తెరిచాను, మూసుకున్నాను.

వ్యాకరణం మాస్టారు (సోమవారం, రాత్రి 10.15)

అమ్మాయీ, పలకడం సంగతి ముందు తేలుద్దాం. ఇంగ్లిషు వాళ్లకు అది కష్టం కానీ మనకు కాకూడదు. క ఖ గ ఘ తరువాత పలక మీద ఒక అక్షరం దిద్దించారు గుర్తుందా? ఙ. ఆ తరువాత వాఙ్మయంలో తప్ప ఎక్కడా కనిపించదు పాపం, వర్ణమాలలో పని లేక కూర్చున్న అక్షరం. దానికి పనంటూ ఉన్నది వియత్నాంలోనే. 'రంగు' అనబోయి 'గు' దగ్గరకు వెళ్లకుండా ఆగితే ముక్కులో ఒక ధ్వని మిగులుతుంది కదా, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఙ్వియెన్. రెండు ముక్కలుగా విరవకుండా ఒక్క ఊపులో. మన భాషలో ఆ ధ్వని మాట మొదట రాదు, అదొక్కటే చిక్కు.

మా అబ్బాయి హనోయిలో పనిచేసినప్పుడు ఆరు నెలలు వాడి దగ్గర ఉన్నాను. ఎదురింటి పెద్దాయన నా చేత దీన్ని వారం రోజులు సాధన చేయించాడు. స్వరం ఎత్తుపల్లాలు మాత్రం నాకు నేటికీ రాలేదు.

పాత అట్లాసు (సోమవారం, రాత్రి 11.02)

ఎందుకు వచ్చిందన్నదానికి ఒక ముక్కలో జవాబు చెప్పాలంటే: భయం, ఆశ, రెండూ.

పదమూడో శతాబ్దంలో లీ వంశం నుంచి త్రాన్ వంశం సింహాసనం లాక్కుంది. పాత రాజుల పేరు వినబడకూడదని 1232లో లీ ఇంటిపేరు వాళ్లందరినీ ఙుయెన్‌గా మారమన్నారు. (నేను ఙుయెన్ అనే రాస్తాను మాస్టారూ, క్షమించండి.) తరువాత కూడా వంశాలు మారినప్పుడల్లా ఓడినవాళ్లు ప్రాణభయంతో ఇంటిపేరు మార్చుకోవడం, గెలిచినవాళ్లు మెచ్చినవారికి తమ పేరు బహుమానంగా ఇవ్వడం జరిగింది. చివరికి 1802 నుంచి 1945 దాకా ఏలిన రాజవంశమే ఙుయెన్. రాజు గారి ఇంటిపేరు పెట్టుకుంటే కీడు లేదు, మేలు ఉండవచ్చు. ఇలా చేరి చేరి ఇప్పుడు ఆ దేశంలో ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురిది అదే.

సూటిగా (మంగళవారం, ఉదయం 6.30)

అంటే నల్లబల్ల గారి తరగతిలో తొమ్మిది మంది యువరాజులు, యువరాణులు ఉన్నారన్నమాట. హోంవర్కు తక్కువ ఇవ్వండి.

పాత అట్లాసు (మంగళవారం, ఉదయం 7.10)

సంగతి తిరగేసి చూడండి. ఇంతమందికి ఉన్న పేరు ఎవరి వంశాన్నీ చెప్పదు. అందుకే అక్కడ ఇంటిపేరుతో ఎవరినీ పిలవరు. దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచివాళ్లను ఓడించిన సేనాని వో ఙుయెన్ జాప్‌ను లోకమంతా 'జనరల్ జాప్' అంది. ఆయన ఇంటిపేరు 'వో', పెట్టిన పేరు చివరి 'జాప్'. హో చి మిన్‌ను ఇంటిపేరుతో 'హో మామయ్య' అన్నట్టు పిలవడం అరుదైన మినహాయింపు.

ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు చివర, పిలుపు పెట్టిన పేరుతో. ఎక్కడో విన్నట్టు లేదూ?

నల్లబల్ల (మంగళవారం, ఉదయం 8.05)

ఉంది! ఇరవై ఏళ్లు మా నాన్నగారిని ఎవరూ ఇంటిపేరుతో పిలవగా వినలేదు. ఇక్కడ నన్ను బడి అంతా "మిసెస్ వేమూరి" అంటుంటే ఇప్పటికీ మా అత్తగారిని పిలుస్తున్నారేమో అనిపిస్తుంది.

సియోల్ చలి (మంగళవారం, మధ్యాహ్నం 1.20)

కొరియా నుంచి పలకరింపులు. ఇక్కడ పరిశోధన చేస్తున్నాను. కిమ్, లీ, పార్క్ అనే మూడు ఇంటిపేర్లు కలిపితే దేశంలో సగానికి కాస్త తక్కువ. కిమ్ ఒక్కటే ఐదుగురిలో ఒకరికి పైగా. మా ప్రయోగశాలలో "డాక్టర్ కిమ్" అని కేక వేస్తే నలుగురు తిరిగి చూస్తారు.

అసలు కథ ఇంటిపేరులో కాదు, దాని వెనక ఉన్న మూలస్థానంలో ఉంది. దాన్ని పోన్‌గ్వాన్ అంటారు. గిమ్‌హే ఊరి కిమ్‌లు వేరు, గ్యోంగ్‌జు ఊరి కిమ్‌లు వేరు. గిమ్‌హే కిమ్‌లే నలభై లక్షలకు పైగా ఉంటారు. ఒకే మూలస్థానం, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకోకూడదని చట్టంలోనే ఉండేది. లక్షల మందిలో ఎవరికి ఎవరు ఏమవుతారు? అయినా నిషేధం నిషేధమే. ప్రేమించి కాపురం పెట్టినవాళ్ల పెళ్లి నమోదు కాక, పిల్లల కాగితాలు చెల్లక నానా అవస్థ పడేవారు. ప్రభుత్వమే 1978, 1988, 1996 సంవత్సరాల్లో ఒక్కో ఏడాది తలుపు తెరిచి, ఆ లోపల నమోదు చేసుకొమ్మని మళ్లీ మూసింది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది, 2005లో చట్టం మార్చారు.

చెబితే మీరు నవ్వుతారు: గిమ్‌హే కిమ్‌లు, గిమ్‌హే హోలు కూడా ఒకరినొకరు చేసుకునేవారు కాదు. ఇంటిపేర్లు వేరు కదా అంటే, 'అయుత' అనే దేశం నుంచి ఓడలో వచ్చిన హో హ్వాంగ్-ఓక్ అనే రాణి తమ పిల్లల్లో ఇద్దరికి తన ఇంటిపేరు ఇమ్మని భర్తను అడిగిందట. కాబట్టి అందరూ ఒక తల్లి బిడ్డలే. ఆ అయుత మన అయోధ్యే అని కొందరి నమ్మకం. 2001లో అయోధ్యలో ఆమెకు స్మారకం కూడా కట్టారు. కథ పదమూడో శతాబ్దపు పుస్తకంలోది, రాణి మొదటి శతాబ్దపు మనిషి. ఎంత నమ్మాలో మీ ఇష్టం.

గోరింటాకు (మంగళవారం, మధ్యాహ్నం 2.45)

మన సగోత్రం గొడవే కదండీ ఇది! మన దగ్గర 1946 దాకా చట్టం దృష్టిలోనూ సగోత్ర వివాహం చిక్కుగానే ఉండేది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో ఆ అడ్డు తొలగింది. ఊళ్లో పెద్దల అడ్డు తొలగిందని మాత్రం ఎవరూ అనలేరు.

తేడా కూడా గమనించండి. మనకు ఒకే ఇంటిపేరు ఉంటే ముక్కూ ముఖమూ తెలియకపోయినా అన్నాచెల్లెళ్లు. ఇంటిపేరు వేరైతే సొంత మేనమామ కొడుకు కూడా వరుడే. మేనరికం మాట చెబితే కొరియా వాళ్లు ఏమంటారు?

సియోల్ చలి (మంగళవారం, మధ్యాహ్నం 3.00)

ఒకసారి చెప్పాను. భోజనాల బల్ల దగ్గర ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

సూటిగా (మంగళవారం, సాయంత్రం 5.50)

కథలన్నీ బాగున్నాయి కానీ అసలు విషయం ఎవరూ చెప్పడం లేదు. ఇంటిపేరు అనేది పన్ను వసూలు చేసేవాడికి, సైన్యంలోకి పట్టుకుపోయేవాడికి కావలసిన వస్తువు. మనిషికి పేరు చాలు.

థాయ్‌లాండ్‌లో ఇంటిపేర్లే లేవు. 1913లో ఆరో రాముడనే రాజు చట్టం చేసి అందరినీ పెట్టుకొమ్మన్నాడు. ఒక కుటుంబం పేరు ఇంకొకరికి ఉండకూడదన్న నియమంతో పేర్లు పొడుగెక్కాయి. రాజే స్వయంగా కూర్చుని ఆరు వేలకు పైగా ఇంటిపేర్లు ప్రసాదించాడు. టర్కీలో 1934లో చట్టం వచ్చింది, ముస్తఫా కెమాల్‌కు 'అతాతుర్క్' అన్న పేరు అప్పుడు ఇచ్చిందే. జపాన్‌లో మామూలు జనానికి ఇంటిపేరు తప్పనిసరి అయింది 1875లో.

అన్నిటికన్నా ఫిలిప్పీన్స్ కథ వినండి. 1849లో అక్కడి స్పెయిన్ గవర్నరు క్లావేరియా అక్షరక్రమంలో ఇంటిపేర్ల జాబితా అచ్చు వేయించి రాష్ట్రాలకు పంపాడు. కొన్నిచోట్ల అధికారులు ఊరికి ఇన్ని పుటలని పంచేశారు. ఆల్బే రాష్ట్రంలో ఓయాస్ అనే ఊళ్లో ఇంటిపేర్లు ఎక్కువగా 'ఆర్' అక్షరంతోనే మొదలవుతాయి. వంశమూ లేదు, చరిత్రా లేదు. చౌక దుకాణంలో బియ్యం పంచినట్టు పంచారు.

వ్యాకరణం మాస్టారు (మంగళవారం, రాత్రి 9.30)

సూటిగా గారూ, మీరు చెప్పినవి నిజాలే. కానీ వాటిని పట్టుకుని లోకమంతా కొలవకండి. తాళ్ళపాక అన్నమయ్య చేత ఏ తహసీల్దారు ఇంటిపేరు రాయించుకున్నాడు? తాళ్ళపాక కడప సీమలో ఊరు. ఆయన తిరుపతి చేరాడు. కొడుకులు, మనవళ్లు తిరుపతిలోనే ఉన్నారు. అయినా అందరూ తాళ్ళపాక వారే. ఊరు వదిలినా ఇంటిపేరు వెంట నడిచింది. త్యాగరాజు తమిళనాట పుట్టి అక్కడే పెరిగాడు, ఇంటిపేరు మాత్రం కాకర్ల. అది ఆంధ్రలో ఊరు. రాధాకృష్ణన్ గారు తిరుత్తణిలో పుట్టారు, సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. లోకం ఆయనను రాధాకృష్ణన్ అంది, చరిత్రకారుడైన ఆయన కుమారుడు మాత్రం సర్వేపల్లి గోపాల్.

ఇప్పుడు మన టీచరమ్మ మూడో ప్రశ్నకు వస్తాను. ఒకటి, రెండు, మూడు అని జవాబిస్తే పరీక్ష పేపరులా ఉంటుందని ఆగాను.

వేమూరు ఊరు. వేమూరి ఇంటిపేరు. ఆ చివరి అచ్చు ఎందుకు మారింది? ఊరు అన్న మాటకు విభక్తి చేరేటప్పుడు 'ఊరి' అవుతుంది: ఊరి చెరువు, ఊరి పెద్ద. 'పాడు' అయితే 'పాటి'. అందుకే గుడిపాడు వారు గుడిపాటి, తంగుటూరు వారు తంగుటూరి. వీటిని ఔపవిభక్తికాలంటారు. బడిలో నేను చెప్పినప్పుడు పిల్లలందరూ నిద్రపోయిన పాఠం ఇదే. 'ఇంటిపేరు' అన్న మాటలో 'ఇంటి' కూడా అదే కదా. అంటే 'వేమూరి' అన్నది పేరు కాదమ్మా, వాక్యంలో సగం. 'వేమూరికి చెందిన...' అని చెప్పి ఆగిపోతుంది. మిగతా సగం మీ పేరు. తెలుగులో ఇంటిపేరు ముందు ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందా? 'ఊరి చెరువు'ను 'చెరువు ఊరి' అనలేం కదా. అమెరికాలో దాన్ని వెనక్కి తిప్పినప్పుడు మీకు తెలియకుండానే వ్యాకరణం విరిగింది.

పోలండులో తార్నూఫ్ ఊరి వారు తార్నోవ్‌స్కి అవుతారు. రష్యాలో ఇవనోవ్ అంటే 'ఇవాన్ వాళ్ల' మనిషి. అందరికీ ఇదే బుద్ధి పుట్టింది. ఐరోపాలో ఉంటూ ఇంటిపేరు ముందు పెట్టుకునే హంగరీ వాళ్లంటే మాత్రం నాకు కొంచెం ఎక్కువ ఇష్టం.

సూటిగా (మంగళవారం, రాత్రి 9.55)

ఒప్పుకోక తప్పదు. కానీ బండ్ల, మేకల, గుర్రాల, చింతల... ఇవి ఊళ్లు కావు కదా?

వ్యాకరణం మాస్టారు (మంగళవారం, రాత్రి 10.04)

ఊళ్లు కాకపోయినా చివరి 'ల' చూడండి. మేకలు కాదు, మేకల. అదీ షష్ఠే, 'యొక్క' అన్న విభక్తి. మేకలున్న ఇంటి వారు. గుడ్‌నైట్.

పేరులేనివాడు (బుధవారం, ఉదయం 5.15)

మాస్టారు చెప్పినట్టు నా వ్యాకరణం కూడా విరిగింది, కాస్త గట్టిగానే. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఏజెంటు "ముందు ఒక అక్షరం ఉంది కదా, చాలు" అన్నాడు. అమెరికా వీసా వచ్చేసరికి నా పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లింది, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని మూడు అక్షరాలు. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. బ్యాంకు కార్డు మీద అదే, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే. దంతవైద్యుడి దగ్గర నర్సు తలుపు తీసి "మిస్టర్ ఫ్నూ!" అని పిలిచింది. మూడేళ్లు ఫ్నూ గానే బతికాను.

2022 నవంబరులో యూఏఈ వాళ్లు పాస్‌పోర్టులో ఒకే ఒక్క పేరున్నవారిని పర్యాటక వీసా మీద రానివ్వబోమన్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొత్త పాస్‌పోర్టు తీసుకుంటుంటే రెండు గడులూ నింపండి. ఇంటిపేరును పొడి అక్షరాలుగా కాకుండా పూర్తిగా రాయండి.

పాత అట్లాసు (బుధవారం, ఉదయం 7.40)

మీ బాధ ఇండోనేషియాను ఏలిన సుకర్ణో, సుహార్తోలు పడి ఉండాలి, ఇద్దరికీ పేరంటే ఒక్కొక్క మాటే. బర్మాలోనూ ఇంటిపేరు లేదు. ఒకప్పుడు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఊ థాంట్ పేరు థాంట్ మాత్రమే, 'ఊ' అంటే మన 'గారు' లాంటిది. గారు థాంట్!

కొత్త సభ్యుడు 88 (బుధవారం, ఉదయం 9.10)

అమెరికాలో వలసదారుల పేర్లు మార్చడం పాత అలవాటే. ఎల్లిస్ ద్వీపంలో ఓడ దిగగానే గుమాస్తాలు నోరు తిరగని పేర్లను తమ ఇష్టం వచ్చినట్టు రాసేసేవారు.

పాత అట్లాసు (బుధవారం, ఉదయం 9.35)

స్వాగతం. కానీ అది చాలామంది నమ్మే అపోహ. అక్కడి గుమాస్తాలు కొత్తగా పేర్లు రాసుకునేవారు కాదు. ఓడ బయలుదేరిన రేవులో తయారైన పట్టీతో సరిచూసేవారు, వలసదారుల భాషలు తెలిసిన దుబాసీలు కూడా ఉండేవారు. పేర్లు మార్చుకున్నది ఎక్కువగా ఆ జనమే, ఉద్యోగం కోసమో, పొరుగువాడు పిలవలేక విసిగిస్తున్నాడనో.

కోరంగి మనవడు (బుధవారం, మధ్యాహ్నం 12.25)

నమస్కారం. నేను మారిషస్. నా తెలుగు తప్పులుంటే దిద్దండి, పెద్దయ్యాక నేర్చుకున్నది.

మా వాళ్లను ఇక్కడ 'కోరంగివాళ్లు' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను ఇక్కడికి తెచ్చింది. మా ముత్తాత తాత అంతకు చాలా ఏళ్ల తరువాత వచ్చాడు. ఇక్కడ మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ వలస వచ్చినవారి రిజిస్టర్లు భద్రపరిచారు. వెళ్లి చూశాను. ఆయన పేరు అప్పన్న, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా విశాఖపట్నం. అన్నీ ఉన్నాయి. ఇంటిపేరు లేదు. ఆయన కొడుకు 'అప్పన్న కొడుకు' అయ్యాడు, మనవడు కూడా అప్పన్నే రాయించుకున్నాడు. ఇప్పుడు మా ఇంటిపేరే అప్పన్న.

నాకు బాధ లేదు. ఒక మనిషి సముద్రం దాటి వచ్చి మా అందరికీ ఇంటిపేరైపోయాడు. కానీ మాస్టారు 'సగం వాక్యం' అన్నప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. మా వాక్యంలో ముందు సగం కోరంగి రేవులోనే ఉండిపోయింది.

వ్యాకరణం మాస్టారు (బుధవారం, మధ్యాహ్నం 12.50)

నాయనా, నీ తెలుగులో దిద్దడానికి ఏమీ లేదు.

గోరింటాకు (బుధవారం, సాయంత్రం 4.30)

అందరూ తాతల గురించే చెబుతున్నారు. ఊరు, వాక్యం, సగం అన్నారు సరే మాస్టారూ, మరి పెళ్లైన మర్నాడు ఆడపిల్ల ఊరు ఎలా మారుతుంది? నేను పుట్టినప్పుడు ఒక ఊరి దాన్ని, పెళ్లి తరువాత ఇంకో ఊరి దాన్ని. నా డిగ్రీ పట్టా ఒక పేరు మీద, ఆధార్ ఇంకో పేరు మీద. ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర ప్రమాణం చేయించారు.

కొరియాలో, వియత్నాంలో, చైనాలో ఆడవాళ్లు పుట్టింటి పేరు వదలరు. స్పెయిన్‌లో ప్రతి ఒక్కరికీ రెండు ఇంటిపేర్లు, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. తండ్రి వైపుది మరీ మామూలుదైతే తల్లి వైపుదే వాడుకలో నిలుస్తుంది. 2004లో ప్రధాని అయిన రోద్రిగెస్ జపతేరోను లోకం జపతేరో అంది, పికాసో కూడా తల్లి ఇంటిపేరే. కెనడాలోని క్యుబెక్‌లో 1981 నుంచి భార్య పుట్టింటి పేరుతోనే అన్ని కాగితాలూ నడపాలి, మార్చుకుంటానన్నా పెళ్లి కారణంగా కుదరదు. ఇటు జపాన్‌లో భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండి తీరాలి. ఎవరిదైనా కావచ్చునని చట్టం అంటుంది, నూటికి దాదాపు తొంభై అయిదు జంటల్లో మారేది ఆమెదే. 2015లో ఒకసారి, 2021లో ఒకసారి అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టం సరైనదేనంది.

సూటిగా (బుధవారం, సాయంత్రం 5.05)

ఐస్‌లాండ్ వెళ్లండి. చాలామందికి ఇంటిపేరే ఉండదు కాబట్టి గొడవే లేదు. ఫిన్‌బోగి కూతురు విగ్దిస్ అంటే విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్. 1980లో దేశాధ్యక్షురాలైనా జనం "విగ్దిస్" అనే పిలిచారు. టెలిఫోను పుస్తకంలో కూడా పెట్టిన పేర్ల వరుసే ఉండేది. పెళ్లైనా ఎవరి కూతురో మారదు కదా.

గోరింటాకు (బుధవారం, సాయంత్రం 5.12)

మీతో ఒక విషయంలో ఏకీభవిస్తానని కలలో కూడా అనుకోలేదు. కానీ అక్కడా ఎక్కువగా తండ్రి పేరే!

వ్యాకరణం మాస్టారు (బుధవారం, రాత్రి 9.00)

అమ్మా గోరింటాకూ, నీ ప్రశ్నకు వ్యాకరణంలో జవాబు లేదు. మా ఆవిడకు చదివి వినిపించాను. "యాభై రెండేళ్లుగా నేనూ అడుగుదామనుకుంటున్నాను" అంది.

నల్లబల్ల (శుక్రవారం, రాత్రి 10.20)

రెండు రోజులు రాలేకపోయాను. ఇవాళ హాజరు పిలిచాను. తొమ్మిది సార్లూ ముక్కులోంచి మొదలుపెట్టాను. ఒకడు చప్పట్లు కొట్టాడు. ఆ ప్రశ్న అడిగిన పిల్ల "స్వరం తప్పు, కానీ ముందుకన్నా మేలు" అంది.

తరువాత బోర్డు మీద తెలుగులో వేమూరు, వేమూరి అని రాసి మాస్టారి పాఠం అప్పజెప్పాను. నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. వేమూరి అన్నది నాకు అత్తింటి పేరు (గోరింటాకు గారూ, మీ మాట గుచ్చుకుంది), కాబట్టి ఆవిడకూ తెలియదు. మా అత్తగారు మాత్రం "తెనాలి దగ్గర ఊరని మీ మామగారి తాత అనేవారట, మేమెవరమూ చూడలేదు" అన్నారు. అదే పిల్లలకు చెప్పాను. ఆ పిల్ల మళ్లీ లేచింది: "ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరున్నారు టీచర్?"

రేపల్లె గాలి (శనివారం, ఉదయం 6.10)

ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. ఆ పేరుతో వేరే ఊళ్లు కూడా ఉండవచ్చు కానీ మీ అత్తగారు చెప్పినది మా వేమూరే అనుకుంటాను. తెనాలిలో రేపల్లె రైలు ఎక్కితే దారిలోనే స్టేషను. డిసెంబరు సెలవుల్లో వస్తే ముందు ఇక్కడ ఒక మాట రాయండి. మీ మామగారి తాత పేరు కూడా కనుక్కుని రండి, ఊళ్లో ముసలివాళ్లను అడుగుదాం. మీ పుట్టింటి ఊరిది కూడా.